ప్రోటోటైపా, తొలినాళ్ల మోటార్ డ్రైవా: డబ్బు దేని మీద పెట్టాలి?

పాత ఫిల్మ్ కెమెరాలు పోగేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. దాచిన డబ్బంతా ఒక్క ప్రోటోటైప్ (అమ్మకానికి ముందు పరీక్ష కోసం చేసిన నమూనా కెమెరా) మీద పెట్టేయాలా, లేక తొలినాళ్ల మోటార్ డ్రైవ్ (ఫొటో తీసిన ప్రతిసారీ ఫిల్మ్‌ని తనే ముందుకు జరిపే పరికరం) సెట్ ఒకటి కొనుక్కోవాలా? నేనైతే మోటార్ డ్రైవే అంటాను, అందులోనూ నికాన్ ఎఫ్ కెమెరా, దాని ఎఫ్-36 మోటార్ జోడీ.

ప్రోటోటైప్‌లంటే నాకూ మోజే. 1923 నాటి లైకా 0-సిరీస్ కెమెరాల్లో 105వ నంబరుది 2022 వేలంలో కోటీ 44 లక్షల యూరోలు పలికింది. అది లైకాని రూపొందించిన ఆస్కార్ బార్నాక్ సొంతంగా వాడుకున్నది, వ్యూఫైండర్ మీద ఆయన పేరే చెక్కి ఉంది. అంత గట్టి రుజువు ఉంటే సరే, మరి అది లేకపోతే? లైకాని పోలిన సోవియట్ కెమెరాలు ఫెడ్, జోర్కీల బాడీల మీద లైకా పేరు చెక్కి అంటగట్టిన నకిలీలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. ఫ్యాక్టరీ రికార్డు చూపించకుండా "ఇది ప్రోటోటైప్ అండీ" అని నోటిమాటగా చెబితే పైసా కూడా ఎక్కువ ఇవ్వొద్దు.

మోటార్ డ్రైవ్‌కి ఆ బెంగ తక్కువ, తిరుగుతోందో లేదో మన చెవే చెబుతుంది. లైకా కెమెరాల కోసం వచ్చిన మూలీ అనే మోటార్ స్ప్రింగుతో నడిచేది, 1930ల నాటిది, చూడ్డానికి ముద్దొస్తుంది గానీ ధర చేదు. 1957లో నికాన్ ఎస్‌పీ కెమెరాతో వచ్చిన ఎస్-36 ఎలక్ట్రిక్ మోటార్లలో తొలితరం, చరిత్ర పరంగా దానిదే పైచేయి. డబ్బుకి లోటు లేకపోతే దాన్నే తీసుకోండి.

మిగతావాళ్లకి ఎఫ్-36. 1959లో వచ్చిన ఎఫ్ కోసం చేసినది, సెకనుకి 3 ఫ్రేములు, కెమెరా లోపలి అద్దం పైకెత్తి బిగిస్తే 4. కాకపోతే ఒక మెలిక ఉంది: ఏ మోటార్ పడితే అది ఏ బాడీకి పడితే దానికి తగిలించకూడదు. బాడీ అడుగు ప్లేటు తీసేసి మోటార్ కోసం చేసిన ప్లేటు వేయాలి, ఆపైన రెండింటినీ ఒకదానికొకటి సరిచేయించాలి, లేకపోతే ఫ్రేములు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి, ఫిల్మ్ అంచు చిరిగినా చిరుగుతుంది. అందుకే విడివిడిగా చవగ్గా దొరికాయని కొనేకన్నా కాస్త ఎక్కువైనా జోడీగా ఉన్నదే మేలు.

చేతికొచ్చాక ముందు బ్యాటరీ గదిలో చిలుము ఉందేమో చూడండి. మోటార్ కదలకపోతే వెంటనే చచ్చిందనుకోవద్దు. దాని కౌంటర్ మిగిలిన ఫ్రేములను కిందికి లెక్కపెట్టుకుంటూ వచ్చి సున్నా దగ్గర ఆపేస్తుంది కాబట్టి, డయల్‌ని 36కి తిప్పి మళ్లీ బటన్ నొక్కండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే రిపేరు ఖర్చు తీసేసి బేరమాడండి. మోటార్ కోసం చేసిన ఆ అడుగు ప్లేటు లేదంటే మాత్రం ఆ సెట్ వదిలేయండి.