సభ్యత్వం కట్టి తెలుగు టైపింగు పని కొనుక్కోదలచిన వారికి జాగ్రత్త హెచ్చరిక

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ అనువాదాలు చేయడం, ప్రూఫులు దిద్దడం, అర్జీలు రాసిపెట్టడం వంటి పనులతో బతికే నాబోటివాడికి వేసవి ఎలా గడుస్తుందో ఈ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. బడుల పరీక్షలు అయిపోగానే ప్రశ్నపత్రాల పని ఆగిపోతుంది, శుభలేఖలు ఒక విడత అచ్చయిపోతాయి, ఆ తరువాత ప్రెస్సు నుంచి ఫోను రావడమే మానేస్తుంది. ఈ ఏడాది మే నెల మొత్తం మీద నాకు దొరికింది రెండు అర్జీలు, ఒడియా నుంచి తెలుగులోకి ఒక దస్తావేజు అనువాదం. అటువంటి ఖాళీ రోజుల్లో, ఇంటివద్దనే తెలుగు టైపింగు పని ఇప్పిస్తామని ప్రకటించుకున్న ఒక సంస్థ వద్ద 4,720 రూపాయలు పెట్టి సభ్యత్వం కొని మోసపోయాను. ఆ సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే వారు ఇప్పటికే పేరు మార్చుకున్నారు. వారి పద్ధతి మాత్రం మారలేదు కనుక దానినే వివరంగా రాస్తున్నాను.

ఫోనులో మాట్లాడిన అమ్మాయి మొదటి నుంచీ "గురువు గారూ" అనే పిలిచింది. నమూనాగా ఒక పేజీ రాసి పంపమంటారా అని నేనే అడిగితే, గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరివారికి మేము తెలుగు పరీక్ష పెట్టడమేమిటండీ అని నవ్వింది. ఆ మాటకు నేను పొంగిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఇన్నేళ్ళలో నాకు పని ఇచ్చిన ప్రతివారూ ముందు ఒక పేజీ రాయించుకుని చూసినవారే. నమూనా అడగకుండా డబ్బు అడిగినవారు వీరొక్కరే.

డబ్బు కట్టిన మర్నాడు 300 పేజీల స్కానులు పంపారు. అవి ఒకప్పుడు 'అను' అనే తెలుగు ఫాంట్లతో, పుస్తకాలు కూర్చే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాల ఫొటోలు. వాటిని పది రోజుల్లో యూనికోడులో, అంటే ఇప్పటి ఫోన్లలో, కంప్యూటర్లలో అన్నిచోట్లా చదవగలిగే అక్షరాల్లో, టైపు చేసి, నూటికి 95 వంతులు తప్పులు లేకుండా ఇస్తే పేజీకి 45 రూపాయల చొప్పున ఇస్తామన్నారు. సాయంత్రమయ్యేసరికి కాలవైశాఖి గాలివాన, దానితోపాటు కరెంటు కోత. అయినా తెల్లవారుజామున లేచి కూర్చుని తొమ్మిదవ రోజుకే పూర్తి చేసి పంపాను. రెండు రోజుల తరువాత నా పని 81 శాతమే సరిగ్గా ఉందని, కనుక పరీక్ష తప్పానని నివేదిక వచ్చింది.

ఆ నివేదికను నేను ప్రూఫు చూసినట్టే వరుసవరుసగా చూశాను. ఒక గడిలో "తప్పు: బస్", పక్క గడిలో "ఒప్పు: బస్" అని ఉంది. అరగంటసేపు ఆ రెండు మాటలనూ పెద్దవి చేసి చూసినా తేడా కనబడలేదు. అసలు సంగతి ఏమిటంటే, పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, కంటికి కనబడని అక్షరాన్ని వాటంతట అవే చేరుస్తాయి. మనిషి కంటికి రెండూ ఒకటే అయినా, అక్షరానికి అక్షరం పోల్చే యంత్రం మాత్రం వాటిని వేర్వేరు మాటలుగా లెక్కవేస్తుంది. స్కాను చేసిన బొమ్మలో ఆ అక్షరం ఉందో లేదో చెప్పగల మొనగాడు ఎవడూ లేడు. అంటే, ఎంత జాగ్రత్తగా చేసినా ఎవరూ నెగ్గకూడదనే ఆ పోటీ పెట్టారన్నమాట.

ఇక్కడితో ఆగి ఉంటే 4,720 రూపాయలతో పీడ విరగడయ్యేది. నాలుగవ రోజున న్యాయవాది పేరుతో ఒక నోటీసు వచ్చింది. ఒప్పందం ఉల్లంఘించినందుకు 9,500 రూపాయలు కట్టకపోతే అరెస్టు చేయిస్తామని అందులో ఉంది. ఏ కోర్టో, కేసు నంబరు ఎంతో అందులో లేదు. ఒప్పందం ప్రకారం పని ముగించకపోవడం సివిల్ వ్యవహారమే తప్ప పోలీసులు వచ్చి పట్టుకుపోయే నేరం కాదు. ఒప్పందంలో జరిమానా ఇంత అని రాసుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఆ మొత్తానికి మించకుండా సబబైన పరిహారమే కోర్టు ఇప్పిస్తుంది. నేను పైసా కట్టలేదు. రోజుకు ఐదారుసార్లు ఫోన్లు చేసి, రెండు వారాలకు వారే మానుకున్నారు.

కొనేముందు నేను చూసుకోవలసింది ఆ రసీదు. నాలుగు వేలకు 18 శాతం జీఎస్టీ కలిపి వసూలు చేశారు. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. చిరునామా హైదరాబాదు అయితే 36 ఉండాలి, మన ఒడిశాకు 21. రసీదు మీద హైదరాబాదు చిరునామా, నంబరు మొదట 07, అంటే ఢిల్లీ. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరు ఎవరిదో ఎవరైనా చూసుకోవచ్చు. పైగా యూపీఐలో డబ్బు పంపేటప్పుడు తెర మీద కనబడింది సంస్థ పేరు కాదు, ఎవరో ఒక వ్యక్తి పేరు. ఇతరుల వ్యాసాల్లో కామా జారిపోతే పట్టుకునే నేను ఈ రెండింటినీ చూడకుండా పిన్ కొట్టాను.

సైబర్ ఫిర్యాదుల నంబరు 1930కి నేను ఫోను చేసేటప్పటికి పదమూడు రోజులు గడిచాయి. వెంటనే చేసి ఉంటే అవతలి ఖాతాలోంచి తీసేలోగా డబ్బును నిలిపివేసే వీలుంటుంది. ఆ అవకాశం నాకు పోయింది. ఇక్కడ ఆ సంస్థ పంపిన తెలుగు సందేశాలు చదివేవారు లేక, వాటినన్నింటినీ ఇంగ్లీషులోకి అనువదించి ఇచ్చాను. ఈ వేసవిలో నేను చేసిన అతి పెద్ద అనువాదం అదే, అదీ ఉచితంగా. వినియోగదారుల కమిషనులో దావా మనం ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు, కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు, రెండేళ్ళ గడువుంది. ఆ కాగితాలు ఇప్పుడు సిద్ధం చేసుకుంటున్నాను.

మొన్న గుణుపురం నుంచి ఒక మాస్టారు, తనకు వచ్చిన ఒప్పంద పత్రం ఒకసారి చూసి చెప్పమని దాని ఫొటో పంపారు. సంస్థ పేరు కొత్తది, రెండవ పక్షం అన్నచోట ఆ మాస్టారి పేరు ఉంది. స్టాంపు కాగితం నంబరు నాకు వచ్చిన ఒప్పంద పత్రం మీద ఉన్నదే, అడుగున ఎడమ మూల గుండ్రంగా ఉన్న టీ గ్లాసు మరక కూడా అదే.