సుగ్గికి (సీజన్ వలస కూలి పనికి) పోయే ఇంటి పిల్లలు: సీజనల్ హాస్టల్లో ఉంచడం మేలా, వెంట తీసుకెళ్లడం మేలా?

దసరా, దీపావళి దాటాయంటే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఊళ్లు పలచబడిపోతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఎక్కువగా వానను నమ్ముకున్న సేద్యమే. ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా, ఆ తర్వాత ఊళ్లో పని దొరకదు. అందుకే సుగ్గికి పోతారు. ముందు పత్తి తీతకు, ఆ వెనక మిర్చి కోతకు గుంటూరు, పల్నాడు వైపు. కొందరు తెలంగాణకు, కొందరు బెంగళూరులో బిల్డింగ్ పనులకు. చాలామంది తిరిగి వచ్చేది ఉగాదికే. అంటే పిల్లలకు దాదాపు సగం విద్యా సంవత్సరం ఎగిరిపోయినట్టే.

మరి పిల్లల్ని ఎక్కడ ఉంచాలి?

ముందుగా వినిపించే మాట సీజనల్ హాస్టల్. వలస పోయే ఇళ్ల పిల్లల్ని సొంత ఊళ్లోనే ఉంచి చదివించడానికి, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నడిచే ఏర్పాటు ఇది. దీనికి ప్రత్యేకంగా భవనం అక్కర్లేదు, ఉన్న బడే చాలు. పిల్లలు పగలు తమ తరగతిలోనే చదువుకుంటారు. మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉంటుంది, దానికి పొద్దుటి టిఫిను, రాత్రి అన్నం, పడక కలుస్తాయి. అదే టీచరు, అవే పుస్తకాలు, పక్కన అదే స్నేహితుడు. హాజరు కూడా తెగదు. బడికి పోయే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులకు 75 శాతం హాజరు అడుగుతారు కాబట్టి ఇంటికి అదీ ఒక లెక్కే.

కానీ హాస్టల్ అన్న బోర్డు చూసి ఊరుకోకూడదు. సాయంత్రం పూట ఒకసారి వెళ్లి చూడాలి. బల్లలు గోడకు జరిపి చాపలు పరిచే ఆ గదిలో రాత్రి ఎవరు పడుకుంటారు? ఆడపిల్లలకు గది వేరేగా ఉందా? బాత్రూంకు పోవాలంటే చీకట్లో మైదానం దాటాలా? అమ్మానాన్నలతో మాట్లాడించడానికి ఎవరి ఫోనైనా అందుబాటులో ఉంటుందా? ఈ చివరిది చిన్న సంగతి అనిపిస్తుంది గానీ, మొదటి వారం రాత్రిళ్లు ఏడ్చే పిల్ల నిలబడేదీ వెళ్లిపోయేదీ చాలాసార్లు దాని మీదే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం తెరిచే తేదీ. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, బండి మాట్లాడేశాక ఏ కుటుంబమూ ఆగదు. బండి కదిలాక హాస్టల్ మంజూరైతే అది కాగితం మీద హాస్టలే. అప్పటికి పిల్ల మిర్చి చేలో ఉంటుంది. అలాగే పెద్దవాళ్లు ఇంకా తిరిగి రాకముందే నిధులు అయిపోయాయని మూసేస్తే, మిగిలిన రోజులు ఎవరి గుమ్మంలో గడపాలి? నా మట్టుకు హాస్టల్ మంచిదా కాదా అని తేల్చేది అక్కడి వంట కాదు, ఈ రెండు తేదీలు.

ఇక వెంట తీసుకెళ్లడం. చట్టం దీనికి బాగానే దారి ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదనో, వయసు రుజువు లేదనో ఎనిమిదో తరగతి వరకు చేర్చుకోకుండా పంపేయకూడదు. సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యతను స్థానిక సంస్థల మీదే పెట్టింది. ఆన్‌లైన్ రికార్డులోనూ వీలుంది. పాత బడివాళ్లు పిల్ల పేరును, బడి వదిలి వెళ్లేవాళ్ల పేర్లు ఉంచే డ్రాప్‌బాక్స్‌లో వేస్తే, కొత్త బడి పెన్ నంబరుతో (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు) అక్కడి నుంచి తీసుకుంటుంది.

చిక్కంతా పొలం దగ్గర. గుడారం చేలో, బడి ఊళ్లో. పొద్దున్నే చేలోకి దిగే తల్లి బిడ్డను ఎప్పుడు దిగబెట్టి రావాలి? ఈ రైతు కోత అయిపోతే మకాం ఇంకో ఊరికి. ఒక సీజన్లో రెండు మూడు బళ్లు మారితే ఏ టీచరుకూ ఆ పిల్ల పేరు గుర్తుండదు. పైగా పత్తి తీతకు కూలి కిలో లెక్కన. పదేళ్ల పిల్ల పక్కన కూర్చుంటే ఊరికే కూర్చోదు, తూకానికి తనూ చేయి కలుపుతుంది. రేషన్ బియ్యం ఇప్పుడు ఏ ఊళ్లోనైనా తెచ్చుకోవచ్చు గానీ, చదువును అంత తేలిగ్గా వెంట మోసుకుపోలేరు.

ఎక్కడికి పోతున్నారన్నదీ చూడాలి. గుంటూరు వైపైతే అవే రాష్ట్ర పుస్తకాలు, పాఠం కాస్త ముందూ వెనకా అంతే. తెలంగాణలో భాష అదే, పుస్తకాలు వేరు. బెంగళూరులో సర్కారు బడి చాలావరకు కన్నడం. కర్ణాటక సరిహద్దు పిల్లలకు మాట తెలిసి ఉండొచ్చు, చదవడం రాయడం వేరే సంగతి.

పని చోటే బడి అన్న పద్ధతి బాగా అమరే చోటూ ఒకటుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు నెలల తరబడి ఒకే చోట ఉంటాయి, పిల్లలకు తెలుగు రాదు. అందుకే అక్కడ బట్టీల దగ్గర ఒడియా చెప్పేవాళ్లతో, ఒడియా పుస్తకాలతో బడులు నడిపారు. బట్టీ కదలదు కాబట్టి అది కుదిరింది. మిర్చి చేలకు అదే పద్ధతి తెస్తే నడవదు.

అవ్వ దగ్గర వదిలిపోవడం మూడో దారి. అవ్వకు ఓపిక ఉంటే సరే. కానీ చాలా ఇళ్లలో పిల్లే అవ్వకు వండిపెడుతుంది. ఐదో తరగతి దాటిన ఆడపిల్లకైతే కస్తూర్బా విద్యాలయంలో సీటు దొరికితే ఇంక ఆలోచించక్కర్లేదు, సీజన్‌తో పనిలేకుండా ఏడాదంతా ఉండొచ్చు.

ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది: చంకలో పిల్లాడు. ఇంట్లో ఏడాది బిడ్డ ఉంటే ఎనిమిదేళ్ల అక్కను హాస్టల్లో వదలరు. బిడ్డను గుడారంలో చూసుకోవడానికి ఆమె కావాలి. హాస్టల్ ఎంత బాగున్నా ఆ పిల్లను ఆపలేదు. ఆమెను బడిలో నిలపాలంటే పని చేసే ఊళ్లో తమ్ముణ్ణి అంగన్‌వాడీలో చేర్చుకోవాలి, పొలం దగ్గరే పసిపిల్లల్ని చూసే మనిషి ఒకరుండాలి. హాస్టల్ లెక్కల్లో ఈ ఖర్చు ఎక్కడా కనబడదు.

కాబట్టి నేనైతే ఇలా చెప్తాను. మూడు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు, హాస్టల్ బండి కదిలేలోపే తెరిస్తే అదే మేలు. ఒకటి, రెండు తరగతుల పసివాళ్లు తల్లి దగ్గరే ఉండాలి, మకాం దగ్గర్లోని బడిలో చేర్చాలి. పదో తరగతి పిల్లల్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీసుకెళ్లొద్దు. మిర్చి కోత జోరుగా ఉండే మార్చిలోనే పబ్లిక్ పరీక్షలు.

హాస్టల్ తెరవలేదు, వెంట తీసుకెళ్లక తప్పదంటారా? బండి ఎక్కేముందు హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లి పెన్ నంబరు ఒక కాగితం మీద రాయించుకోండి. టీసీ అడగండి, ఆలస్యమైతే దాని కోసం ఆగకండి. ఆధార్ జిరాక్సు, పాఠ్యపుస్తకాలు బియ్యం మూట అడుగున కాకుండా చేతికందే సంచిలో పెట్టుకోండి. దిగిన రెండో రోజే అక్కడి బడికి వెళ్లండి. మేస్త్రీని పంపొద్దు, మీరే వెళ్లండి.