బరువు తగ్గాలంటే వాచీ కొనాలా, కాటా కొనాలా?

బరువు తగ్గాలని నేను కొన్న వస్తువులు రెండు. చేతికి కట్టుకునే స్మార్ట్ వాచీ ఒకటి, 1,800 రూపాయలు. వంటింట్లో పెట్టుకునే డిజిటల్ కాటా ఇంకొకటి, 350 రూపాయలు. రెండూ ఆన్‌లైన్‌లోనే తెప్పించాను, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న మా పర్లాకిమిడికి వారంలోపే వచ్చాయి. వేసవి నుంచీ రోజూ వాడుతున్నాను కాబట్టి కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను: ఒక్కదానికే డబ్బులుంటే కాటా కొనండి. వాచీ మంచిదే, కానీ అది చూపించే కేలరీల అంకె చూసుకుని తింటే బరువు తగ్గదు.

నాది టైలరింగ్. వయసు 44, ఎత్తు 155 సెంటీమీటర్లు, మొదలుపెట్టినప్పుడు బరువు 72 కిలోలు. పొద్దున్న షాపు తీస్తే రాత్రి దాకా మిషన్ మీదే కూర్చుని ఉంటాను. ఇంట్లో అత్తయ్య, మావారు, డిగ్రీ చదివే అమ్మాయి, నేను. మాది శ్రీకాకుళం వైపు వంట. పక్కింటి ఒడియా మౌసీ పుణ్యమా అని దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు), పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన అన్నం), ఒడియావాళ్ల రజ పండక్కి పోడపిఠా అనే బియ్యప్పిండి వంటకం కూడా మా ఇంట్లో మామూలే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే కేలరీల లెక్క మనిషిని బట్టి, ఇంటి వంటను బట్టి మారుతుంది. ఎవరికో రాసిచ్చిన చార్టు మనకు సరిపోదు.

ముందు లెక్క సంగతి. ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంటికి కొన్ని కేలరీలు కావాలి. వాటిని అంచనా వేయడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రం ఉంది. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి రెండూ కలపాలి. అందులోంచి వయసుకి అయిదు రెట్లు తీసేయాలి. ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయాలి, మగవాళ్లయితే 5 కలపాలి. నాకు 1,308 వచ్చింది. దాన్ని పనిని బట్టి పెంచుకోవాలి. పూర్తిగా కూర్చునే పనికి 1.2తో, కాస్త తిరిగేవాళ్లకు 1.375తో గుణిస్తారు. నేను మిషన్ పని, ఇంటి పని కలిపి 1.3 వేసుకున్నాను. అంటే రోజుకి 1,700. ఇందులో నడక లేదు, దాన్ని కావాలనే పక్కన పెట్టాను.

1,400 తినాలని, పైన 45 నిమిషాలు నడవాలని అనుకున్నాను. మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వైపు, కొన్ని రోజులు నీలమణి దుర్గమ్మ గుడి దాకా నడుస్తాను. గంటకి అయిదు కిలోమీటర్ల వేగంతో నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటి కంటే మూడున్నర రెట్లు ఖర్చవుతుందని లెక్క. నా బరువుకి 45 నిమిషాలకు అది 189 కేలరీలు. ఆ సేపు కూర్చునే ఉన్నా ఎలాగూ 54 ఖర్చయ్యేవి. కాబట్టి నడక వల్ల అదనంగా వచ్చింది 135 మాత్రమే. తిండిలో 300, నడకలో 135, మొత్తం రోజుకి 435 లోటు. ఒక కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలు అంటారు కాబట్టి వారానికి 400 గ్రాములు తగ్గాలి. కాగితం మీద తగ్గినట్టు ఒంట్లో తగ్గదు. ఉప్పు ఎక్కువ తిన్న మర్నాడు నీరు పట్టి బరువు పెరిగినట్టు చూపిస్తుంది, బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది. కానీ దారి తెలియడానికి ఈ లెక్క చాలు.

ఇప్పుడు కాటా. పది కిలోల దాకా తూస్తుంది, ఒక్కో గ్రాము చూపిస్తుంది, రెండు పెన్సిల్ బ్యాటరీలు వేయాలి. లోపల చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. బరువు పడితే అది కంటికి కనపడనంత వంగుతుంది, ఆ వంపుని కరెంటు ద్వారా పసిగట్టి అంకె చూపిస్తుంది. అందుకే దాన్ని కదలని చోట, సమంగా ఉన్న గట్టు మీదే పెట్టాలి. ఖాళీ గిన్నె పెట్టి ‘టేర్’ అని రాసిన బటన్ నొక్కితే సున్నా అవుతుంది, తర్వాత ఏది వేస్తే దాని బరువే కనిపిస్తుంది. ఈ ఒక్క బటన్ కోసమే నేను దీన్ని కొనమని చెబుతాను.

అన్నంతో మొదలుపెట్టాను. వండిన అన్నం ఎన్ని కేలరీలు అంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు, ఎందుకంటే నీళ్లని బట్టి మారిపోతుంది. బియ్యానికి ఆ గొడవ లేదు, 100 గ్రాములకు దాదాపు 350. మా ఇంట్లో ఒక పూటకి 600 గ్రాముల బియ్యం పోస్తాను, అంటే 2,100 కేలరీలు. వండాక అన్నం 1,680 గ్రాములు తూగింది. భాగిస్తే గ్రాముకి ఒకటింపావు. ఇక నా కంచంలో 200 గ్రాములు పెట్టుకుంటే 250 కేలరీలు అని ధైర్యంగా చెప్పగలను. అలవాటుగా పెట్టుకునే కంచం తూచి చూస్తే 420 గ్రాములుంది, అంటే 525. కూర, పప్పు, పెరుగు ఇంకా కలవలేదు. గంజి వారిస్తే కొంత పిండి గంజిలో పోతుంది, అంత సూక్ష్మంగా నేను పోను. పఖాళ చేసుకునే రోజు మాత్రం నీళ్లు పోయకముందే అన్నం తూచుకోవాలి. పోశాక తూస్తే ఆ అంకెకి అర్థం ఉండదు.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా చెప్పాలి. అత్తయ్య మొదట్లో బాధపడ్డారు. ‘ఏటమ్మా, కంచంలో అన్నం కూడా తూస్తావేటి?’ అన్నారు. ఆవిడ కాలంలో అన్నం కొలిచి పెట్టడమంటే తినేవాళ్లని అవమానించినట్టే. ఆ మాటలో న్యాయం ఉంది, అందుకే వేరే ఎవరి కంచమూ నేను తూయను. నాది మాత్రం పొయ్యి గట్టు దగ్గరే తూచుకుని తెచ్చుకుంటాను. చుట్టాలొచ్చినప్పుడు కాటా అలమరలో ఉంటుంది.

నూనె దగ్గర కాటా విలువ ఇంకా బాగా తెలిసింది. మాకు నెలకి నాలుగు లీటర్లు పట్టేది. లీటరు నూనె అంటే 910 గ్రాములు. నాలుగు లీటర్లని నలుగురికి, ముప్ఫై రోజులకి పంచితే మనిషికి రోజుకి 30 గ్రాములు. కొవ్వు గ్రాముకి 9 కేలరీలు, అంటే 270. నేను చెమట పట్టేలా నడిచి వస్తే వచ్చిన 135కి ఇది సరిగ్గా రెండింతలు! హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికే 27 గ్రాముల నూనె చాలంటారు. నేను తినేది 1,400. ఇప్పుడు నెలకి మూడు లీటర్లతో సరిపెడుతున్నాను. వంకాయ వేపుడు మానలేదు, కానీ ముక్కల్ని ముందు ఆవిరి మీద మగ్గించి తర్వాత నూనె వేస్తాను. ఇంట్లో రుచి తగ్గిందని ఎవరూ అనలేదు.

నూనె తూచడంలో ఈ కాటాకి ఒక లోపం ఉంది. బాండీని కాటా మీద పెట్టి సన్నటి ధారగా నూనె పోస్తే మొదటి కొన్ని గ్రాములు లెక్కలోకి రావు. సున్నా దగ్గర చిన్న చిన్న మార్పుల్ని అది తనంతట తానే సర్దేసుకుంటుంది. దీనికి ఉపాయం ఉంది. నూనె సీసాని కాటా మీద పెట్టి టేర్ నొక్కండి. సీసా తీసి బాండీలో కావలసినంత పోసి మళ్లీ కాటా మీద పెట్టండి. మైనస్ 8 అని కనిపిస్తే ఎనిమిది గ్రాములు పోశారన్నమాట. నెయ్యి సీసాకి, పంచదార డబ్బాకి కూడా ఇదే పద్ధతి. మసాలాలు, ఈస్టు లాంటివి ఒకటి రెండు గ్రాములు తూయాలంటే ఈ కాటా మీద నమ్మకం పెట్టుకోవద్దు.

తగ్గించడానికే కాదు, పెంచడానికి కూడా కాటా కావాలి. మా నలుగురికి పూటకి వంద గ్రాముల కందిపప్పు వేసేదాన్ని. మనిషికి 25 గ్రాములు, ప్రొటీను అయిదారు గ్రాములకు మించదు. కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీను కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో చెప్పింది, నాకది రోజుకి 60 గ్రాములు. అన్నం తగ్గించి, పప్పు కూడా అంతే ఉంచితే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. ఇప్పుడు పప్పు రెట్టింపు చేశాను, రోజూ గుడ్డు తింటున్నాను, వారంలో రెండు మూడు రోజులు దాల్మా వండుతున్నాను. గుమ్మడికాయ, అరటికాయ, వంకాయ పప్పులోనే ఉడికిపోతాయి, పైన నెయ్యి పోపు ఒక్క చెంచా చాలు. బరువు తగ్గాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి వంటకం నాకు తెలియదు, మౌసీకి రుణపడి ఉంటాను.

పలాస జీడిపప్పు గురించి ఒక్క మాట. మాకు దగ్గరే కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, వచ్చేటప్పుడు పోయేటప్పుడు గుప్పెడు నోట్లో వేసుకుంటాం. ముప్ఫై గ్రాములు 170 కేలరీలకు పైనే. మంచి తిండే, తినండి, కానీ తూచుకుని గిన్నెలో వేసుకుని తినండి.

ఇక వాచీ. మణికట్టు దగ్గర ఆకుపచ్చ లైటు వేసి, రక్తం కదలికని బట్టి గుండె వేగం చెబుతుంది. అది బాగానే చెబుతోంది, మెడ దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టి పోల్చుకున్నాను. కేలరీలే నమ్మేలా లేవు. నా 45 నిమిషాల నడకకి అది 290 దాకా చూపిస్తుంది, నా లెక్కలో అదనంగా వచ్చేది 135. కూర్చున్నా ఖర్చయ్యేవాటిని కూడా కలిపేయడం ఒక కారణం, వాచీలోని అంచనా సూత్రమే ఎక్కువ చూపించడం ఇంకో కారణం. ఇది నా చవక వాచీ ఒక్కదాని జబ్బు కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు ఏడు రకాల చేతి పట్టీల్ని పరీక్షించారు. ఆరింటిలో గుండె వేగం అయిదు శాతం తేడాలోపే ఉంది. కేలరీల్లో మాత్రం అన్నిటికంటే బాగున్న దానికే సగటున 27 శాతం తేడా వచ్చింది, అన్నిటికంటే చెడ్డదానికి 93 శాతం. అంత తేడా ఉన్న అంకెని పట్టుకుని ‘290 ఖర్చు పెట్టాను, రెండు గారెలు తినొచ్చు’ అనుకుంటే ఆ రోజు నడక తిండికే సరిపోతుంది.

ఇంకో చిక్కు, రోజుకి ఎన్ని కేలరీలు తినొచ్చో చెప్పే ఫోన్‌లోని యాప్‌తో వస్తుంది. పేరు నమోదు చేసేటప్పుడు ‘నేను రోజూ నడుస్తాను’ అని పెడితే యాప్ నడకని ముందే కలిపేస్తుంది. సాయంత్రం వాచీ అదే నడకని మళ్లీ పంపుతుంది. ఒకే నడకకి రెండు సార్లు తిండి అనుమతి! కొనేవాళ్లు తప్పకుండా చేయాల్సిన పని: యాప్‌లో ‘కూర్చునే పని’ అని పెట్టండి, లేదా వాచీని దానితో కలపకండి. రెండిట్లో ఏదో ఒకటే.

మిషన్ మీద జాకెట్టు కుడుతుంటే నా చెయ్యి కదలికని కూడా వాచీ అడుగులుగా లెక్కేస్తుంది. టైలరింగ్ పనివాళ్లు పనిలో ఉన్నప్పటి అడుగుల లెక్కని పట్టించుకోకపోవడం మేలు. అయినా వాచీ దండగ అనను. గంటసేపు కదలకపోతే చేతి మీద వణుకుతుంది, లేచి నిలబడతాను. నా పనిలో అది చాలా అవసరం. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ నిమిషాల లెక్క వాచీలో చక్కగా ఉంటుంది. నడిచేది కేలరీల కోసమే అనుకుంటే 135 చూసి నీరసం వస్తుంది. నాకు నడక మొదలయ్యాక నిద్ర బాగుంది, మోకాలి నొప్పి తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. నీళ్ల సీసాలు ఎత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం కూడా చేస్తున్నాను.

ఇప్పుడు 66 కిలోల దగ్గర ఉన్నాను. దసరా వారం, మరిది పెళ్లి వారం లెక్క వద్దనుకున్నాను, హాయిగా తిన్నాను, దానికి నాకు ఏ బాధా లేదు.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు, బాలింతలు, గర్భిణులు ఇవి చదివి అన్నం తగ్గించేయొద్దు, ముందు డాక్టరుతో మాట్లాడండి. మిగతావాళ్లు కూడా డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజుకి 1,200 కేలరీల కంటే కిందికి దిగొద్దు. అంకెలు చూస్తే టెన్షన్ పడే మనసున్నవాళ్లకి కాటా మంచిది కాదు. మా అమ్మాయి వయసు పిల్లల చేతికి అస్సలు ఇవ్వను.

కాటాతో వచ్చిన ప్లాస్టిక్ గిన్నె పలచగా ఉంది, నెలకే పగిలింది. ఇంట్లో స్టీలు గిన్నె వాడుకోండి. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే ఆగిపోతుంది, అప్పుడు టేర్ చేసిన లెక్క పోతుంది. కాబట్టి ఖాళీ గిన్నెల బరువు గిన్నె అడుగున పెయింటుతో రాసి పెట్టుకున్నాను. బ్యాటరీ మూత కూడా వదులుగా ఉంది, టేపు అంటించాను. 350 రూపాయలకి ఇవన్నీ సర్దుకోదగ్గవే. ఇంట్లో కుట్టు టేపు ఉంటే దాన్ని కూడా వాడండి. పొద్దున్నే, ఊపిరి మామూలుగా వదిలాక, బిగించకుండా నడుం కొలవాలి. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదు. బరువు కదలని వారాల్లో కూడా టేపు కదులుతుంది, నా జాకెట్లు రెండు సార్లు లోపలికి కుట్టుకోవాల్సి వచ్చింది.