తెలుగు గొప్పదని ఒప్పించాలంటే ఏది మేలు: గొప్పవాళ్ల పేరా, లెక్కా, బస్సా?

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో నేనూ ఓ ముక్క పడేశాను: "మన తెలుగు ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్. అన్నది నికోలో కాంటీ." బెంగళూరులో ఉండే మా బాబాయి కొడుకు ఒక్కటే అడిగాడు: "ఏ పుస్తకంలో అన్నయ్యా? పేజీ ఫోటో పెట్టు."

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. గంటసేపు వెతికినా దొరికినవన్నీ నాలాంటివాళ్లు రాసినవే. 15వ శతాబ్దపు వెనిస్ యాత్రికుడి పేరు చూడగానే లైకులు పడతాయి, నిజమే. ఒక్క ప్రశ్నకే చేతులెత్తేయాల్సి వస్తే ఆ పేరు మనకెందుకు? ప్రపంచ లిపుల్లో మనది రెండో స్థానం అనే ఫార్వర్డుదీ ఇదే తంతు.

లెక్కలు కాస్త నయం, కానీ ఏ ఏడాదివో చెప్పాలి. "దేశంలో మూడో పెద్ద భాష" అని ఇప్పటికీ రాస్తుంటారు. అది 2001 జనాభా లెక్కల మాట, అప్పుడు 7.40 కోట్లు. 2011కి మనం 8.11 కోట్లయ్యాం, మరాఠీ 8.30 కోట్లతో ముందుకెళ్లింది, మనది నాలుగో స్థానం. అయినా తలకాయలు లెక్కపెడితే భాష గొప్పదనం తేలుతుందా?

శాసనం గట్టిది. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది. దొరికిన తెలుగు శాసనాల్లో ఇదే పాతదంటారు. ఇది పెట్టేటప్పుడే కన్నడ హల్మిడి శాసనం దీనికంటే వందేళ్లకు పైగా పాతదని మనమే చెప్పేయాలి. ఎదుటివాడు చెబితే దాచామనుకుంటారు.

నా ఓటు మాత్రం బస్సుకే. కాంటీ పేరు పక్కనపెట్టి, పేజీ అడిగిన తమ్ముడికి ఇలా రాశాను: "ఇటాలియన్‌లో లాగే తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లిషు నుంచి తెచ్చుకున్నా వదలం. బస్ బస్సయింది, పెన్ పెన్నయింది, రైల్ రైలయింది. నువ్వే పలికి చూడు." దీనికి యాత్రికుడి సాక్ష్యం అక్కర్లేదు, ఎవరి నోరు వాళ్లకుంది.

వాడు ఊరుకోలేదు. "కన్నడలోనూ బస్సు అనే అంటారు. మరి 'పుస్తకం' అనే మాట సున్నాతో ముగుస్తుందిగా, దాని సంగతేంటి?" మొదటిది ఒప్పుకున్నాను, ఇది మన ఒక్కరి సొత్తు కాదు. రెండోదానికి, పాతకాలంలో పుస్తకము అని రాసేవాళ్లని గుర్తుచేశాను. ఒకటి ఒప్పుకున్నాక రెండోది వినడానికి వాడికీ మనసొచ్చినట్టుంది.

ఇంతలో గ్రూపులో ఎప్పుడూ నోరెత్తని మా పిన్ని, ఈ గొడవేదీ చదవకుండానే, "మా ల్యాప్‌టాపు పాడైందిరా, ఎవరైనా చూస్తారా" అని పెట్టింది.

తమ్ముడు దాని కింద దండం బొమ్మ పెట్టాడు.