ఉప్పునీటి పాయలో నాలుగేళ్లు: పడవ టాయిలెట్‌కు వేసిన క్లిప్పులు, గొట్టం ఎలా నిలిచాయి

దిండి దగ్గర గోదావరి వశిష్ఠ పాయలో తిరిగే మా రెండు గదుల పడవలో, వెనుక గది టాయిలెట్ గొట్టం 2021 వేసవిలో కారడం మొదలుపెట్టింది. పాత గొట్టాన్నీ, దానిని అతుకు మీద బిగించే పట్టీ క్లిప్పులనూ తీసివేసి, వాటి స్థానంలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులనూ, మురుగు కోసమే తయారుచేసే మందపాటి రబ్బరు గొట్టాన్నీ వేయించాను. నాలుగు వేసవులు, నాలుగు వరద కాలాలు గడిచాయి కనుక, ఏది ఎంతవరకు పనికొచ్చిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. క్లిప్పులకు నా వైపు నుంచి వంక లేదు. గొట్టం విషయంలో మాత్రం ఒక ఫిర్యాదు ఉంది, దానిలో సగం తప్పు నాదే.

మాది చేతిపంపు టాయిలెట్. 19 మిల్లీమీటర్ల గొట్టం ఏటి నీటిని లోపలికి తెస్తుంది, 38 మిల్లీమీటర్ల గొట్టం మురుగును పడవ అడుగున ఉన్న ట్యాంకుకు చేరుస్తుంది. కారినది ఈ రెండవ గొట్టం, పంపు వెనుక ఎల్బోకు, అంటే వంపు తిరిగిన అతుకు ముక్కకు, అది ఎక్కే చోట. మొదట్లో నేల చెక్క కింద చిన్న తడి కనిపించేది. మా సరంగు దానిని చూసి, "ఆయ్, అది కారడం కాదండి, గొట్టానికి చెమట పట్టిందంతే" అన్నాడు. ఆ మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు, చల్లని నీరు నిండిన గొట్టానికి బయట చెమట పట్టడం మామూలే. అందుకని బట్టలకు వేసే నీలం నాలుగు చుక్కలు కమోడ్‌లో కలిపి, అతుకు చుట్టూ పొడి తెల్లగుడ్డ కట్టి, ఇరవైసార్లు పంపు కొట్టించాను. గుడ్డ మీద నీలిమరక కింది వైపున మాత్రమే పడింది. ఆ మరక పడిన చోటే తరువాత నాకు అసలు కారణాన్ని చూపించింది.

దానికి ముందు మేము చేసిన చిట్కా పనులు కూడా చెప్పాలి, ఎందుకంటే మన వైపు పడవల్లో చాలావరకు ఇవే జరుగుతాయి. సరంగు సైకిల్ ట్యూబు ముక్కను పట్టీగా కోసి బిగించి చుట్టాడు, అది తొమ్మిది రోజులు ఆగింది. ప్లంబరు వచ్చి ఎపాక్సీ ముద్ద పెట్టాడు, ఇంజను అదురుకు అది నెలలోపే పెచ్చులుగా ఊడింది. ఆ తరువాత అతను నిపుల్ మీద, అంటే గొట్టం ఎక్కే ఎల్బో మొన మీద, టెఫ్లాన్ టేపు చుట్టబోతే నేను వద్దన్నాను. టేపు మరలు ఉన్న అతుకులకే పనిచేస్తుంది. గాట్ల నిపుల్ మీద చుడితే గాట్లు పూడిపోయి గొట్టం ఇంకా తేలికగా జారుతుంది. సిలికాన్ పూత సంగతీ అంతే, పట్టు ఇవ్వవలసిన చోట జారుడును ఇస్తుంది.

విప్పి చూస్తే పాత క్లిప్పు పట్టీ మెరుస్తూనే ఉంది కానీ, దానిని బిగించే స్క్రూ తుప్పు పట్టి సగం తినివేయబడింది. స్టెయిన్‌లెస్ పేరుతో అమ్మే చవక క్లిప్పుల్లో పట్టీ ఒక లోహం, స్క్రూ మామూలు ఇనుము మీద పూత వేసినది కావడం తరచుగా ఉంటుంది. ఇది తెలుసుకోవడానికి ఒక చిన్న అయస్కాంతం చాలు, స్క్రూకు గట్టిగా అంటుకుంటే ఆ క్లిప్పు పడవకు పనికిరాదు. అయితే స్టెయిన్‌లెస్‌లోనే మామూలుదైన 304 రకానికీ 316 రకానికీ తేడాను అయస్కాంతం చెప్పదు, దానికి క్లిప్పు మీద కొట్టిన అంకెనే నమ్ముకోవాలి. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పునీరు లోహాన్ని సూదిమొన గుంటలుగా తినకుండా అడ్డుకునేది అదే.

మంచినీటి గోదావరిలో ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారు దిండిలో వేసవి చూడాలి. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఎండాకాలపు నీరు ఎక్కువగా కాలువల్లోకే మళ్లుతుంది. దిగువ పాయలకు వచ్చే ప్రవాహం సన్నగిల్లగానే పోటుతో పాటు సముద్రపు ఉప్పు అంతర్వేది వైపు నుంచి ఎగువకు పాకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా పడవ పక్కన నీటిని నాలుక మీద వేసుకుంటే తేడా తెలిసిపోతుంది.

తుప్పు పట్టిన స్క్రూను చూశాక, తప్పంతా క్లిప్పుదేనని నేను తీర్మానించుకున్నాను. కొత్త క్లిప్పు వేసిన మూడవ వారానికి మళ్లీ అదే కింది వైపున తడి కనిపించినప్పుడు గాని నాకు కళ్లు తెరుచుకోలేదు. ఎల్బో నుంచి మురుగు ట్యాంకు దాకా ఉన్న నాలుగడుగుల గొట్టానికి మధ్యలో ఎక్కడా ఆధారం లేదు. నిండినప్పుడు దాని బరువంతా ఎల్బో మీదే వేలాడుతుంది, పంపు కొట్టిన ప్రతిసారీ అది ఊగుతుంది. ఆ ఊపుకు గొట్టం చివర నిపుల్ నుంచి కింది పక్కన కొద్దికొద్దిగా విడిపోతోంది. పైగా పాత గొట్టం చివరను ఎవరో హాక్సా బ్లేడుతో వంకరగా కోశారు కాబట్టి, ఒక పక్క నిపుల్ సగం వరకే ఎక్కింది. ఎల్బోకు జానెడు దూరంలో ఒకటి, మధ్యలో ఒకటి పట్టీలు వేసి గొట్టాన్ని చెక్కకు బిగించిన తరువాత ఈ నాలుగేళ్లలో ఆ అతుకు ఒక్క చుక్క కారలేదు. క్లిప్పుకు ఎంత ఖర్చు పెట్టానో అందులో పదో వంతు కూడా కాలేదు ఆ రెండు పట్టీలకు.

బిగించిన తీరు గురించి కొంత వివరంగా రాస్తాను. ముందుగా పడవ అడుగున నీటి వాల్వును మూసి, గొట్టంలోకి మంచినీరు బాగా కొట్టి ఖాళీ చేశాము. గొట్టం చివరను పదునైన కత్తితో నిటారుగా కోసి, ఫ్లాస్కులో తెచ్చిన వేడినీళ్లలో రెండు నిమిషాలు ముంచి, గిన్నెలు తోమే సబ్బు నీరు రాసి ఎక్కించాము. నూనె గాని గ్రీజు గాని రాయకూడదు, అవి రబ్బరును ఉబ్బిస్తాయి. అతుకుకు రెండు క్లిప్పులు, స్క్రూలు ఎదురెదురుగా ఉండేలా వేయాలని అందరూ చెప్పే సలహా మంచిదే కానీ, మా ఎల్బో నిపుల్ పొట్టిది. రెండవ క్లిప్పు నిపుల్ దాటి వట్టి గొట్టం మీద పడి దానిని కోసేలా ఉన్నందున అక్కడ ఒక్కటే వేసి, ట్యాంకు వైపున్న పొడవాటి నిపుల్‌కు మాత్రం రెండు వేశాము. స్క్రూడ్రైవర్‌తో కాక చిన్న బాక్సు స్పానర్‌తో బిగిస్తే జారకుండా వస్తుంది. వారం తరువాత రబ్బరు సర్దుకుంటుంది కనుక అప్పుడు మరో పావు మర బిగించాలి, అంతకు మించి బిగిస్తే ప్లాస్టిక్ ఎల్బో పగులుతుంది.

క్లిప్పుల ఎంపికలో నేను పట్టుబట్టిన మరో సంగతి, పట్టీకి రంధ్రాలు లేకుండా గాట్లు అచ్చొత్తిన రకాన్నే తీసుకోవడం. రంధ్రాల పట్టీలో రబ్బరు ఉబికి తెగుతుంది, ఆ సందుల్లో ఉప్పుతడి నిలిచి లోహమూ పాడవుతుంది. నేను కొన్న రకం మామూలు క్లిప్పుకు నాలుగు రెట్లు ధర. నాలుగేళ్ల తరువాత కూడా స్పానర్ పెట్టగానే స్క్రూ తిరుగుతోంది, ఒకటి రెండింటి మీద లేత గోధుమరంగు మరక తప్ప తుప్పు లేదు. ఒకే ఒక లోపం, మిగిలిన పట్టీ కొస కత్తిలా ఉంటుంది, రెండుసార్లు నా చెయ్యి తెగింది. ఇప్పుడు ఆ సైకిల్ ట్యూబు ముక్కనే దానికి తొడుగుగా వేస్తున్నాము. నీరు లోపలికి తెచ్చే చిన్న గొట్టానికి కూడా ఇవే క్లిప్పులు వేయించాను. మురుగు గొట్టం కారితే కంపు కొడుతుంది, నీటి మట్టానికి కింద ఉన్న ఆ గొట్టం ఊడితే పడవే మునుగుతుంది.

ఇక గొట్టం సంగతి. మొదటి ఏడాది దానికి కంపే లేదు. 2022 జూలై పెద్ద వరదలో పడవను వారాల తరబడి కట్టివేసినప్పుడు, ట్యాంకుకు ముందున్న పల్లపు వంపులో మురుగు నిలిచిపోయింది, మంచినీరు కొట్టి వదలవలసిన నేను ఆ పని మరిచాను. ఆ తరువాత అతుకులన్నీ పొడిగా ఉన్నా గదిలో సన్నని వాసన మిగిలింది. వేడినీటిలో తడిపిన గుడ్డతో గొట్టాన్ని అడుగడుగునా తుడిచి, గుడ్డను చల్లార్చి వాసన చూస్తే, ఆ వంపు దగ్గర తుడిచిన గుడ్డ మాత్రమే కొట్టింది. అంటే వాసన రబ్బరు గుండా ఇంకి బయటికి వస్తోంది, ఏ క్లిప్పు బిగించినా అది ఆగదు.

మూత్రమూ ఉప్పునీరూ కలిసినప్పుడు గొట్టం లోపల సున్నపు గార కడుతుంది. నెలకొకసారి వెనిగర్ పోసి రాత్రంతా ఉంచుతున్నందున అది పంటి గార అంత పలుచగానే ఉంది. 

ఈ గొట్టం మళ్లీ కొంటానా అంటే కొంటాను, కాని పల్లపు వంపు లేకుండా ట్యాంకు దాకా వాలుగా వేయించుకుంటాను. వంపు ముక్కకు బదులు వేయవలసిన రెండడుగుల కొత్త గొట్టం ఇప్పటికే పడవలో ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తే మేము ఎలాగూ పడవను కట్టివేస్తాము, ఆ ఖాళీ రోజుల్లో దానిని మార్చే పని పెట్టుకున్నాను.