పర్లాకిమిడి స్కానింగ్ సెంటర్: పసరుతిత్తి రాళ్లకు డై ఎక్స్‌రే అడగకండి

పర్లాకిమిడిలో కడుపు స్కానింగులు చేసే ఓ సెంటర్ గురించి ఇది. కాశీనగరం, గుణుపురం, ఇటు పాతపట్నం నుంచి వచ్చే పెద్దవాళ్లు పసరుతిత్తి (గాల్ బ్లాడర్) రాళ్లకు “మాత్రలు మింగించి ఎక్స్‌రే తీయరా?” అని అడుగుతుంటారు. అదే డై ఎక్స్‌రే. ఇక్కడ తీయరు. అదే సరైన పద్ధతి.

మామూలు ఎక్స్‌రేలో కాల్షియం పట్టిన రాళ్లే కనపడతాయి. అవి నూటికి పది, పదిహేనే. అందుకే 1924లో అమెరికాలో గ్రాహమ్, కోల్ అనే సర్జన్లు పసరులో కలిసే మందును నరానికి ఎక్కించి తిత్తిని ఫిలిం మీద చూపించారు. తరవాత డైగా పనిచేసే అయోడిన్ మాత్రలొచ్చాయి. అయోపనోయిక్ యాసిడ్ 500 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు, నూనె లేని రాత్రి భోజనం అయ్యాక వేసుకోవాల్సి ఉండేది. సుమారు పన్నెండు గంటలకు ఎక్స్‌రే తీసేవారు. మందు పేగుల్లోంచి రక్తంలోకి, లివర్‌లోంచి పసరులోకి చేరి తిత్తిలో చిక్కబడితే తిత్తి తెల్లగా, రాయి నల్లగా కనపడతాయి. వాంతయినా, విరేచనాలైనా, తిత్తి నాళం మూసుకుపోయినా తిత్తి కనపడదు. మర్నాడు మళ్లీ మాత్రలే. రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) డెసిలీటరుకు 2, 3 మి.గ్రా. దాటితే లివర్ ఆ మందును సరిగ్గా వదలదు. అంటే కామెర్లొచ్చి పరీక్ష అత్యవసరమైన మనిషికే అది పనికిరాదు!

ఇక్కడ చేసే అల్ట్రాసౌండ్‌కు డై అక్కర్లేదు, రేడియేషన్ లేదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. పాల టీ తాగినా తిత్తి ముడుచుకుపోయి చిన్న రాళ్లు దాక్కుంటాయి. టీ తాగొచ్చినవాళ్లను వీళ్లు వెనక్కి పంపేస్తారు. కోపం వద్దు, మీ మంచికే.

నాకు బాగా నచ్చింది, ఎడమ పక్కకు తిప్పి మళ్లీ చూడటం. రాయి అయితే సాధారణంగా కదులుతుంది, వెనక నల్లటి నీడ పడుతుంది. పాలిప్ (తిత్తి గోడకు అంటుకున్న చిన్న గడ్డ) కదలదు. వెల్లకిలా మాత్రమే చూసి వదిలేస్తే తిత్తి మెడలో ఉన్న రాయి తప్పిపోవచ్చు. రిపోర్టులో రాయి సైజు, గోడ మందం (3 మి.మీ. దాటితే వాపు అనుమానించాలి) రాస్తారు. తెలుగులోనూ, ఒడియాలోనూ విడమరిచి చెబుతారు.

అల్ట్రాసౌండ్‌కు ఒక లోపం ఉంది. పెద్ద పసరు నాళం కింది భాగాన్ని తరచు పేగుల్లోని గాలి కప్పేస్తుంది. అప్పుడు “కనపడలేదు” అని రాయాలిగానీ “నార్మల్” అని కాదు. ఆ నాళం వెడల్పు 6 మి.మీ. దాటి కామెర్లు కూడా ఉంటే ఎమ్మార్‌సీపీ (పసరు నాళాల ఎమ్మారై స్కాన్) గురించి డాక్టర్ని అడగండి. దానికీ సాధారణంగా డై ఇంజెక్షన్ అక్కర్లేదు. కామెర్లతో పాటు చలిజ్వరం ఉంటే స్కానింగ్ టోకెన్ కోసం ఆగొద్దు, నేరుగా ఆస్పత్రికే వెళ్లండి.