ఇంగ్లీషు క్రియల పట్టికలు కొనేవారికి హెచ్చరిక

ఇంగ్లీషు క్రియారూపాలన్నీ నేర్పుతామని ప్రకటించిన ఒక ఆన్‌లైన్ కోర్సును, దానితోపాటు ఇచ్చే పట్టికల పుస్తకాన్ని కొని, మూడు నెలలపాటు నిష్ఠగా చదివి నష్టపోయినదాన్ని నేను. పోయిన డబ్బు సంగతి అలా ఉంచితే, తప్పుగా వంటబట్టిన రూపాలను వదిలించుకోవడానికి అంతకు రెట్టింపు కాలం పట్టింది. ఇటువంటి సరుకు రకరకాల పేర్లతో ఇంకా అమ్ముడవుతోంది కనుక, కొనబోయేవారు నాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

5000 క్రియలు, ఒక్కొక్క క్రియకు 12 టెన్సుల్లో, 6 సర్వనామాలతో పూర్తి పట్టిక, అంతా కంఠస్థం చేస్తే ఇంగ్లీషు వచ్చేసినట్లే అన్నది వారి ప్రకటన. అంటే ఒక్క క్రియకే 72 వాక్యాలు. అప్పట్లో అదొక నిధిలా కనిపించింది కానీ, నిజానికి ఆ అంకెను చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది, ఎందుకంటే ఇంగ్లీషు క్రియకు ఉండే రూపాలు చాలా తక్కువ. 'రైట్' అనే క్రియకు రైట్, రైట్స్, రోట్, రిటెన్, రైటింగ్ అని 5 రూపాలు ఉంటాయి. 'కట్' అనే క్రియకైతే కట్, కట్స్, కటింగ్ అని మూడే. అన్నిటికంటే ఎక్కువ రూపాలున్న 'బీ' క్రియకు కూడా బీ, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్, బీయింగ్ అని ఎనిమిదికి మించవు. తెలుగులో వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అని కర్తను బట్టి క్రియ చివర మారుతుంది. ఇంగ్లీషులో 'కేమ్' అన్న ఒక్క మాట అందరికీ సరిపోతుంది. ఆ ఒక్క మాటనే ఆరు వరుసల్లో ఆరుసార్లు అచ్చువేసి ఆ పుస్తకంలో పుటలు నింపారు.

నింపినది సరిగ్గా ఉన్నా సరిపెట్టుకునేదాన్ని. ఏదో ఒక నియమాన్ని కంప్యూటరుకు అప్పగించి, వచ్చినదాన్ని ఎవరూ చదవకుండా అచ్చుకు పంపారని కొన్ని వారాలకు గాని నాకు అర్థం కాలేదు. భూతకాలంలోనూ మారకుండా ఉండవలసిన 'పుట్' వారి పట్టికలో 'పుటెడ్' అయింది. భూతకాల రూపమే లేని 'మస్ట్'కు 'మస్టెడ్' అని పుట్టించారు. 'తెలుసు' అనే అర్థమిచ్చే 'నో' క్రియకు 'ఐ యామ్ నోయింగ్' అని ఒక పూర్తి వరుస ఇచ్చారు. తెలియడం ఒక స్థితి కనుక ఆ అర్థంలో దానికి ఇంగ్ రూపం వాడరన్న ముక్క ఎక్కడా లేదు. ఈడీ చేర్చేటప్పుడు 'స్టాప్' చివరి అక్షరం రెట్టింపవుతుంది కదా అని 'విజిట్' చివర కూడా రెండు టీలు వేశారు. 'విజిట్'లో ఊనిక, అంటే పలికేటప్పుడు నొక్కి చెప్పడం, మొదటి భాగం మీద పడుతుంది కనుక అక్కడ ఒక్క టీయే ఉండాలి. 'ప్రిఫర్'లో ఊనిక చివర పడుతుంది కనుక ఆర్ రెట్టింపవుతుంది. ఈ ఒక్క మాట చెప్పి ఉంటే వందల పట్టికల అవసరమే ఉండేది కాదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది 'లై' పట్టిక. పడుకోవడం అనే అర్థంలో దాని రూపాలు లై, లే, లెయిన్. అబద్ధమాడటం అనే అర్థంలో లై, లైడ్, లైడ్. ఇవి కాక, పెట్టడం లేదా పరచడం అనే అర్థంలో 'లే' అనే వేరే క్రియ ఉంది, దానికి లే, లెయిడ్, లెయిడ్. ఆ పుస్తకం 'లై'కి ఉన్న రెండు అర్థాలనూ కలిపేసి 'లైడ్' ఒక్కటే ఇచ్చింది. రోగి రెండు గంటలసేపు మంచం మీద పడుకుని ఉన్నాడని నా ఉద్యోగ నివేదికలో రాయవలసి వచ్చినప్పుడు, అబద్ధమాడాడనే అర్థం వచ్చే రూపాన్ని పూర్తి నమ్మకంతో రాశాను. దాన్ని మరొకరు దిద్దినప్పుడు కలిగిన సిగ్గు ఇంకా గుర్తుంది.

ఆడియో పాఠాల్లో 'వర్కెడ్', 'ప్లేయెడ్' అంటూ అన్నిచోట్లా 'ఎడ్' అని స్పష్టంగా పలికించారు. ఈడీ అన్న చేర్పు ట, డ ధ్వనుల తర్వాత మాత్రమే 'వాంటెడ్'లో లాగా విడి అక్షరంగా వినిపిస్తుంది. క, ప, స వంటి ధ్వనుల తర్వాత 'ట్'గా, మిగిలినచోట్ల 'డ్'గా వినిపిస్తుంది. కనుక 'వర్క్‌ట్', 'ప్లేడ్' అనాలి. చెవికి పట్టిన తప్పు కంటికి పట్టిన తప్పుకంటే మొండిది.

ఇక, ఏ రూపం ఎప్పుడు వాడాలన్నది ఆ కోర్సులో అసలు లేనే లేదు. తెలుగులో 'చూశాను' అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో సందర్భాన్ని బట్టి 'సా' అయినా రావచ్చు, 'హావ్ సీన్' అయినా రావచ్చు. 'నిన్న' అని కాలం చెప్పినప్పుడు 'సా' అనే అనాలి. 'డిడ్' వచ్చిన వాక్యంలో భూతకాలాన్ని అదే మోస్తుంది కనుక తర్వాత 'వెంట్' రాదు, 'గో' అనే రావాలి. మనవాళ్లు తరచూ తడబడే చోట్లు ఇవే.

ఈ తప్పులన్నీ పుటల సంఖ్యలతో సహా రాసి డబ్బు వెనక్కి ఇమ్మని అడిగాను. మొదటి పాఠం తెరిచిన తర్వాత తిరిగి ఇచ్చేది లేదని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఆ షరతు కొనే పుటలో చివర చిన్న అక్షరాల్లో ఉందని తర్వాత చూసుకున్నాను. మీరు ముందే చూసుకోండి.

నియమానికి లొంగకుండా వీ2, వీ3 రూపాలు ('రోట్', 'రిటెన్' వంటివి) మారే క్రియల్లో రోజువారీ వాడుకకు కావలసినవి 200 లోపే ఉంటాయి. మంచి నిఘంటువు ఏదైనా ప్రతి క్రియ పక్కనా ఆ రూపాలను ఇస్తుంది. అయినా ఏదైనా కోర్సు కొనాలనుకుంటే, డబ్బు కట్టకముందే 'లై', 'పుట్', 'మస్ట్', 'నో' క్రియల పుటలను నమూనాగా పంపమని అడగండి, వచ్చినవాటిని నిఘంటువుతో పోల్చి చూడండి. పంపడానికి నిరాకరించినా, 'మస్ట్' పక్కన భూతకాల రూపం కనిపించినా, ఆ కోర్సు కొనకండి.